బండల కింద చెమ్మ ఎట్ల పోయిందంటే (నా అనుభవం)

మాది మిర్యాలగూడ దిక్కు. సాగర్ ఎడమ కాల్వకి నీళ్లు ఇడిచి చుట్టూ నాట్లు పడ్డయంటే చాలు, మా నడిమింట్ల తాండూరు బండల సందులు నల్లగ తడిసేవి, చాప లేపితే బూజు వాసన. పైనుంచి వాటర్‌ప్రూఫ్ కెమికల్ కొట్టిపిచ్చిన, రెండు నెలలు గూడ ఆగలే.

తర్వాత ఒక మేస్త్రి చెప్తే ప్లాస్టిక్ కవర్ బండ మీద పరిచి అంచులకు టేపు ఏసి రెండు రోజులు ఉంచినం, తీస్తే లోపలి దిక్కు నీటి బొట్లు, అంటే గాలిల తేమ కాదు కిందినుంచే వస్తుంది.

ఎండకాలం కాల్వ బందయినంక బండలు లేపి అడుగు లోతు తవ్వినం. మట్టి పిడికిట పడితే ముద్దయితుండె. 40 ఎంఎం కంకర ఆరించులు పోసినం, కంకరల పెద్ద సందులుంటయి కాబట్టి నీళ్లు పైకెక్కయి, మట్టైతే దీపం వత్తి లెక్క గుంజుతది. దాని మీద ఇసుక, మందం పాలిథిన్ షీటు, జాయింట్లు ఒకదాని మీద ఒకటి అడుగు ఎక్కించి, గోడకు జానెడు లేపి, పైన మూడించుల కాంక్రీటు, మళ్ల అవే బండలు. షీటుకు ఒక్క చిల్లు గూడ పడనియ్యకుండ్రి, మేమైతే అందరిని చెప్పులిడిసి నడవమన్నం. బయట గోడ పొంటి చూరు నీళ్లు నిలవకుండ వాలు పెట్టినం, నన్నడిగితే అన్నిటికంటె ముందు చెయ్యాల్సింది ఇదే.

గోడల అడుగున చెమ్మ ఇంక కొంచెం ఉంది. చాప కింద మాత్రం ఈ వానకాలం పొడిగనే ఉంది, అమ్మ మళ్ల కిందనే పండుకుంటుంది.