మిగిలిన చొప్ప ముందు కొట్టంలోకి, తర్వాతే పెంటగుంతలోకి

జొన్న చొప్పను నిలువుగానే గాడిలో వేస్తే పశువు ఆకు, సన్నటి కొస తిని లావు మొదళ్లు వదిలేస్తుంది. చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలు చేసి వేస్తే వృథా చాలా తగ్గుతుంది. అయినా కొంత మిగులుతుంది, దాన్ని నేరుగా దిబ్బ మీద పారబోయకండి.

సాయంత్రం పశువు వెనక కాళ్ల వైపు రెండు మూడు కిలోల చొప్పున పరచండి. పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం మూత్రంలోనే పోతుంది. మట్టి నేలైతే అది ఇంకిపోతుంది, లేదా అమ్మోనియాగా ఎగిరిపోతుంది (కొట్టంలో ముక్కు మండే వాసన అదే). ఎండు చొప్ప దాన్ని పీల్చుకుంటుంది. పొద్దున్నే తడిసిన చొప్పను పేడతో కలిపి గుంతలోకి ఎత్తండి.

గుంత నీడన, మూడడుగుల లోతు చాలు. మెట్టలో ఎరువు పాడయ్యేది ఎక్కువగా ఎండిపోయే: తేమ లేకపోతే కుళ్లడం ఆగి చెదలు చేరతాయి. అడుగు మందానికోసారి నీళ్లు చల్లండి. పిడికిట్లో పిండితే చేయి తడవాలి, నీళ్లు ధారగా కారకూడదు. గట్ల మీద గ్లిరిసిడియా (పచ్చిరొట్ట ఇచ్చే చెట్టు) ఉంటే లేత రొట్ట పొరల మధ్య వేయండి, చొప్పలో తక్కువైన నత్రజని అందుతుంది. నిండాక పేడ, మట్టి కలిపి మెత్తితే నాలుగైదు నెలల్లో ఎరువు సిద్ధం.

కంది కట్టె ముక్కలు చేయకుండా వేయొద్దు, ఆ గడువులో చివకదు. వేరుశనగ కట్టె మంచి మేత, పశువు కింద పరిస్తే దండగ. బూజు పట్టిందైతే మాత్రం పశువుకు పెట్టకుండా గుంతలోనే వేయాలి.