ఆన్‌లైన్ క్లినికల్ క్లాసులో మర్మర్ విద్యార్థులకు వినబడకపోతే

సమస్య: ఎలక్ట్రానిక్ స్టెతస్కోప్‌ను లాప్‌టాప్‌కు కలిపి జూమ్‌లో పాఠం చెబుతున్నారు. మైట్రల్ రీగర్జిటేషన్ (గుండెలోని మైట్రల్ కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారడం) మర్మర్, అంటే గుండె చప్పుళ్ల మధ్య వచ్చే అదనపు శబ్దం, మీకు చక్కగా వినబడుతోంది. అవతల విద్యార్థులకు లబ్-డబ్ ముక్కలుగా వస్తోంది, లేదా అసలు రావడం లేదు.

కోవిడ్ వల్ల 2020లో విద్యార్థులను వార్డులకు రానివ్వకుండా క్లాసులన్నీ తెరమీదికి మార్చాక, "క్లినికల్స్ ఆన్‌లైన్‌లో నేర్పడం అయ్యే పని కాదు" అన్న అధ్యాపకులు చాలామందే. పాల్పేషన్ (చేత్తో తాకి చూడడం), పెర్కషన్ (వేళ్లతో తట్టి చూడడం) వరకు ఆ మాట నిజమే. ఆస్కల్టేషన్‌ది (స్టెతస్కోప్‌తో వినడానిది) మాత్రం చాలాసార్లు సెట్టింగుల గొడవ.

ముందు రెండు చిన్న విషయాలు చూడండి. రికార్డింగ్ వినిపిస్తుంటే, స్క్రీన్ షేర్ చేసేటప్పుడే 'షేర్ సౌండ్' దగ్గర టిక్ ఉండాలి. ఫైలును స్పీకర్లో మోగించి మైకుకు పట్టించకండి. ఇక విద్యార్థుల చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయా? ఎస్1, ఎస్2ల (గుండె లబ్, డబ్ చప్పుళ్ల) బలం ఎక్కువగా 150 హెర్ట్జ్ లోపే ఉంటుంది. ఎస్3, ఎస్4 అనే అదనపు చప్పుళ్లు ఇంకా కింద. ఫోన్ స్పీకర్ ఆ స్థాయిని దాదాపు పలకదు. వాల్యూమ్ ఎంత పెంచినా లాభం లేదు.

ఇవన్నీ సరిగానే ఉన్నా వినబడలేదంటే దొంగ వేరే ఉన్నాడు: నాయిస్ సప్రెషన్. మనిషి మాటను ఉంచి మిగతాది చెరిపేయడమే దాని పని. దాని లెక్కలో గుండె చప్పుడు ఫ్యాను రొదలాంటిదే. మీరు మాట్లాడుతున్నంతసేపూ చప్పుడు కొంచెం వచ్చి, మీరు ఆగగానే మాయమైతే అనుమానం అక్కర్లేదు. "శ్రద్ధగా వినండి" అని అధ్యాపకుడు మౌనం పాటించిన క్షణంలోనే శబ్దం పోతుంది. మీ ఇయర్‌ఫోన్లో వినబడేది స్టెతస్కోప్ నుంచి నేరుగా వచ్చేది కాబట్టి తేడా మీకు తెలియదు.

జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్'ను (శబ్దాన్ని వడకట్టకుండా పంపే ఆప్షన్) అనుమతించండి. అంతటితో పని అయిపోదు. మీటింగులో చేరాక పైన కనిపించే బటన్‌తో దాన్ని ఆన్ చేయాలి. పాత వెర్షన్లలో ఆ బటన్ దగ్గరే చాలామంది బోల్తా పడ్డారు: 'టర్న్ ఆన్ ఒరిజినల్ సౌండ్' అని కనిపిస్తే అది ఆన్‌లో ఉన్నట్టు కాదు, ఇంకా ఆఫ్‌లోనే ఉందని. మైక్ వాల్యూమ్‌ను దానంతటదే సర్దుబాటు చేసే ఆప్షన్ టిక్ కూడా తీసేయండి. లేకపోతే మెల్లని శబ్దాన్ని పెంచి, పెద్దదాన్ని తగ్గించి మర్మర్ ఆకారాన్నే చెడగొడుతుంది. ఎకో క్యాన్సిలేషన్ తీసేస్తే మీరూ ఇయర్‌ఫోన్లే వాడాలి. స్పీకర్ పెడితే విద్యార్థుల గొంతులు మళ్లీ వాళ్లకే తిరిగి వినబడతాయి. గూగుల్ మీట్, టీమ్స్‌లలో నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆడియో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, ఆఫ్ చేయండి.

క్లాసుకు ముందు రెండో ఫోన్‌తో అదే మీటింగులో చేరి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, నోరు మెదపకుండా ఇరవై సెకన్లు వినండి. ఈ ఒక్క పని చేస్తే క్లాసు మధ్యలో "సార్, ఏమీ వినబడట్లేదు" అనే మాట రాదు.

అన్నీ సరిచేశాక కూడా విద్యార్థులను మర్మర్ గ్రేడ్ (ఆరింటికి ఎంత పెద్దదో చెప్పే అంకె) మాత్రం అడగకండి. థ్రిల్ (ఛాతీ మీద చేతికి తెలిసే అదురు) తగిలితేనే 4/6. అది చేత్తో తెలిసేది. టైమింగ్, పిచ్, ఆకారం అడగండి, అవి నిలకడగా వస్తాయి.

ఇక నెట్ నెమ్మదిగా ఉంటే మాట కూడా తెగుతుంది, చూడగానే తెలుస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు ఆన్ అయితే నాణ్యత పడిపోతుంది; వైరుది పెట్టుకోండి. స్టెతస్కోప్ పాడవడం చాలా అరుదు.