పండ్ల మొక్కల ఆకులు పసుపెక్కుతున్నాయా? ముందు ఏ ఆకులో చూడండి

నిమ్మ ఆకు పసుపెక్కగానే గుప్పెడు ఎరువు వేసి, రోజూ పోసే దానికంటే ఇంకో చెంబు నీళ్లు ఎక్కువ పోస్తాం. నేను అలాగే ఒక మొక్కను చంపుకున్నాను. కుండీ బోర్లించి చూస్తే వేళ్లు నల్లబడి కుళ్లు వాసన కొట్టాయి. దానికి ఆకలి కాలేదు, ఊపిరాడలేదు.

అప్పటి నుంచి మందు వెతికే ముందు రెండు సంగతులు చూస్తున్నాను. పసుపు మొదలైంది కింది ముదురాకుల్లోనా, కొసన లేత ఆకుల్లోనా? ఈనెలు కూడా పాలిపోయాయా, పచ్చగానే ఉన్నాయా?

మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వడలింది

ఇది వేరుకుళ్లు లక్షణం. వేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూసి, కింద పళ్లెంలో నిలిచిన నీరు పారబోయండి. అప్పటికీ తేరుకోకపోతే మొక్కను బయటికి తీయండి. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటే మట్టి ఆరనిస్తే చాలు. గోధుమరంగుకు తిరిగి మెత్తబడిన వేళ్లను కత్తిరించి, ముతక ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటండి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు జోలికి పోవద్దు. దెబ్బతిన్న వేరు దాన్ని తీసుకోలేదు, పైగా లవణాలు పేరుకుని ఆకు అంచులు మాడతాయి.

కింది ఆకులు పసుపెక్కి, చిగుళ్లు పచ్చగా ఉన్నాయి

ఆకు ఈనెలతో సహా పాలిపోతే నత్రజని లోపం. మొక్క పాత ఆకుల్లోని నత్రజనిని లాగి కొత్త చిగుళ్లకు పంపుకుంటుంది. కుండీల్లో ఇది నీటితో పాటు కొట్టుకుపోతుంది కాబట్టి వర్మీకంపోస్టునో, బాగా చివికిన పశువుల ఎరువునో కొద్దికొద్దిగా, తరచుగా వేయాలి.

ఈనెల మధ్య మాత్రమే పసుపెక్కి, తొడిమ వైపు త్రికోణంలా పచ్చదనం మిగిలితే మెగ్నీషియం లోపం. నిమ్మ, బత్తాయి జాతుల్లో ఈ గుర్తు స్పష్టంగా కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి చల్లటి పూట పిచికారీ చేయండి. మొక్కకు మంచిదని కట్టెల బూడిద ధారాళంగా వేసేవారు కాస్త తగ్గించుకోవాలి. బూడిదలోని పొటాష్ ఎక్కువైతే మొక్క మెగ్నీషియం తీసుకోలేదు.

అయితే ముదురాకులు ఒకటీ అరా పండి రాలడం రోగం కాదు. దానిమ్మ, అంజీర చలికాలంలో ఆకు రాల్చడం వాటి స్వభావం.

లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చన

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఇది ఇనుము లోపమే, కానీ మట్టిలో ఇనుము లేక కాదు. మట్టిలో సున్నం ఎక్కువై ఉదజని సూచిక (పి.హెచ్.) 7.5 దాటితే ఇనుము వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. తుప్పు పట్టిన మేకులు పాతిపెట్టినా, అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్) మట్టిలో వేసినా అదే గతి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వెంటనే ఆకులపై పిచికారీ చేయండి. ఇనుము ఒక ఆకు నుంచి మరో ఆకుకు సులభంగా కదలదు కాబట్టి వారం, పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు చేయాలి. మట్టిలోనే వేయాలనుకుంటే ఇ.డి.డి.హెచ్.ఎ. రకం చీలేటెడ్ ఇనుము (వేరుకు అందే రూపంలోనే నిలిచి ఉండేలా తయారుచేసిన ఇనుము) కొనండి, క్షార నేలలోనూ అది పనిచేస్తుంది.

లేత ఆకులు పసుపెక్కడంతో పాటు చిన్నవై, సన్నబడి, కొసన గుత్తిలా వస్తే జింకు లోపం. లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ పిచికారీ చేయండి.

మందు పనిచేసిందో లేదో తెలియడానికి బాగా పండిన ఆకును చూడకండి, అది మళ్లీ పచ్చబడదు. రెండు మూడు వారాల్లో వచ్చే కొత్త చిగురు రంగు చూడండి.

సన్నని పసుపు చుక్కలు, మచ్చలు

ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి. రాలిన చుక్కలు కదిలితే అవి ఆకు రసం పీల్చే నల్లి పురుగులు. ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో గట్టిగా కడిగి, వేప నూనె పిచికారీ చేయండి.

బొప్పాయి ఆకులపై పసుపు, పచ్చ కలగలిసిన మచ్చలు వచ్చి, ఆకు ముడుచుకుని, కాయపై వలయాలు కనిపిస్తే అది వైరస్. ఏ ఎరువుకూ, ఏ మందుకూ లొంగదు. పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు దాన్ని పక్క మొక్కకు చేర్చేలోపే పీకి తగలబెట్టండి.