కలిసి పనిచేద్దాం - 3వ పాఠం: పొగిడితే చాలదు, అడగాలి

పోయిన పాఠంలో మీ బలాలు మూడు రాసుకోమన్నాను, ఒక్కోదానికి ఒక రుజువుతో సహా. "నాకు ఓపిక ఎక్కువ" అని రాసి వదిలేసినవాళ్లు మళ్లీ వెనక్కి వెళ్లండి. ఏ రోజు, ఎవరి దగ్గర ఓపిక పట్టారో కూడా ఉండాలి.

ఈసారి పక్కవాళ్ల బలం సంగతి చూద్దాం.

అనంతపురంలో ఒక డ్రిప్పు (చెట్ల మొదట్లో చుక్కలు చుక్కలుగా నీళ్లు వదిలే పద్ధతి) సామాన్ల ఆఫీసులో నేను సూపర్‌వైజరుగా ఉండేవాణ్ని. ఐదుగురం. స్టోరు చూసే అన్న, సామాన్ల కోసం వచ్చిన రైతులతో టీ తాగుతూ గంటలు గంటలు మాట్లాడేవాడు. మాకు అది సోదిగా అనిపించేది. ఒకసారి కళ్యాణదుర్గం వైపు చీనీ (బత్తాయి) తోటకు మామూలు జాలి ఫిల్టరు పంపించాను. తీరా ఆ బోరు ఇసుక కొట్టే బోరు. అలాంటి చోట జాలి కంటే ముందు, నీళ్లను సుడి తిప్పి ఇసుకను కిందికి దించే హైడ్రోసైక్లోన్ ఫిల్టరు పెట్టాలి. నెల తిరక్కముందే డ్రిప్పర్లు మూసుకుపోయాయి. ఎండాకాలం, చెట్లు వాడుతున్నాయి. రైతు వచ్చి ఆఫీసులో కూర్చున్నాడు. అప్పుడు స్టోరు అన్న మెల్లగా అన్నాడు:

"బోరు ఇసుక కొడ్తాదని ఆయప్ప నాకు ముందే చెప్పినాడు సార్."

"మరి నాకెందుకు చెప్పలేదన్నా?"

"మీరు అడగల్యా కద సార్."

రెండు రోజులు నా కోపం దిగలేదు. నిజానికి ఆయన్ను నేను తక్కువ పొగడలేదు. ఆయుధపూజ రోజు అందరి ముందూ "అన్న లేకుంటే స్టోరే లేదు" అన్నాను. కానీ ఆయన అసలు బలం పైపులు సర్దడంలో లేదు, రైతు నోట మాట రాబట్టడంలో ఉంది. దాన్ని నేను ఒక్కసారి కూడా పనిలోకి పిలవలేదు.

2004లో క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్తలు మనిషి మంచి గుణాలను 24గా గుర్తించి, ఆరు కుప్పలు పోశారు. ఎదుటివాళ్ల మనసు పట్టుకోవడం అందులో ఒకటి. పట్టిక మంచిదే. కానీ పక్కవాడి బలం తెలియాలంటే టీ బంకు దగ్గర పది నిమిషాలు నిలబడడమే మేలని నా అనుభవం. ఇబ్బంది వస్తే మీ ఆఫీసులో ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తున్నారో గమనించండి.

తెలిసినవాడు నోరు విప్పడం వేరే సంగతి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రి వార్డుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను లెక్క చూశారు. బాగా కలిసిపోయిన బృందాల్లో అవి తక్కువుంటాయనుకుంటే, ఎక్కువ కనిపించాయి. ఆ బృందాలు పొరపాట్లను దాచకుండా బయటికి చెప్పుకుంటున్నాయని ఆమెకు తర్వాత అర్థమైంది. 1999లో అచ్చయిన ఇంకో పరిశోధనలో ఒక తయారీ కంపెనీలోని 51 బృందాల మీద ఆమె ఇదే విషయాన్ని పరీక్షించారు. భయం లేకుండా మాట్లాడగలిగిన చోట నేర్చుకోవడం ఎక్కువగా కనిపించింది.

ఇక అడిగే పద్ధతి. "ఏమన్నా సలహా ఉంటే చెప్పన్నా" అంటే ఎవరూ చెప్పరు. పని చిన్నదై ఉండాలి, నిర్ణయం ఇంకా మీ చేతిలో ఉండగానే అడగాలి. నేను తర్వాత నేర్చుకున్న మాట ఇది: "అన్నా, ఈ సామాను బండికెక్కేలోగా చెప్పు, ఈ రైతు బోరు గురించి ఏమన్నా అన్నాడా?" చెప్పాక ఆ మాట ఏమైందో తిరిగి ఆయనకు చెప్పాలి. వాడుకోకపోతే ఎందుకు వాడుకోలేదో కూడా చెప్పాలి. రెండోసారి ఆయన నోరు విప్పుతాడా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఇందులో ఒక గుంత ఉంది, నేనూ పడ్డాను. మా దగ్గర బిల్లులు రాసే అమ్మాయి ఉత్తరాలు చక్కగా రాసేది. అది తెలిశాక అందరి ఉత్తరాలూ ఆమె టేబుల్ మీదికే చేరాయి. కొన్నాళ్లకు ఎవరడిగినా "నాకు రాదు సార్" అనడం మొదలుపెట్టింది. చేసేవాళ్లకే పని అంటగట్టే అలవాటు మనకు బాగా ఉంది. కాబట్టి ఒకటి అడిగేముందు ఆమె చేతిలోంచి ఇంకొకటి తీసేయండి.

ఈ వారం అభ్యాసం: ఒక్కరినే ఎంచుకోండి. మూడు రోజులు ఊరికే గమనించండి. నాలుగో రోజు ఒక చిన్న పని అడగండి. మీరు అడిగిన మాట, వాళ్లు చెప్పిన జవాబు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ అమ్మాయి మళ్లీ పెన్ను ఎలా పట్టిందో వచ్చే పాఠంలో చెప్తాను, అప్పుడు ఆ కాగితంతో పని ఉంటుంది.