బ్యాటరీ ఎంసీబీ వేడెక్కి పడిపోతుంటే నేనేం మార్చానంటే

మాది 5 కిలోవాట్ల సోలార్ ఇన్వర్టర్, 48 వోల్టుల లిథియం బ్యాటరీ. రాత్రి ఏసీలు తిరుగుతుండగా మోటార్ కూడా వేశామా, కాసేపటికి బ్యాటరీ ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్) ట్రిప్, చెయ్యి పెడితే చుర్రుమనేది. బాక్స్ విప్పి చూస్తే 63 ఆంప్స్ ఎంసీబీ, అదీ ఇంటి బోర్డులో వాడే రకం, పాజిటివ్ స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. బిగించినోడికి ఓ దండం.

ఇంటి కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తది కాబట్టి ఎంసీబీలో లేచిన మంట ఆరిపోద్ది, బ్యాటరీది డీసీ, అందులో ఆ సున్నా ఉండదు, మంట ఆరదు, ఇక లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంప్స్ తోస్తది. ప్లస్ మైనస్ గుర్తులున్న డీసీ ఎంసీబీ కూడా ఇక్కడ వద్దు, అది ఒకవైపు పోయే కరెంటునే సరిగ్గా తెంపుద్ది, ఇక్కడ చార్జింగ్‌లో కరెంటు ఒకవైపు, వాడకంలో ఇంకోవైపు పోద్ది కదా.

లెక్కకొస్తే 5000 వాట్లని 48తో కాదు, బ్యాటరీ దిగినప్పటి 44 వోల్టులతో భాగించా, 114 ఆంప్స్. ఇన్వర్టర్ నష్టం కలిపితే 126 దాకా, పైన 25 శాతం వేస్తే 158. అందుకే డీసీ రేటింగ్ ఉన్న 160 ఆంప్స్ హెచ్‌ఆర్‌సీ ఫ్యూజ్ (భారీ షార్ట్ కరెంటుని కూడా తెంపగలిగే రకం), బ్యాటరీ పాజిటివ్‌కి వీలైనంత దగ్గరగా పెట్టించా. వైరు కూడా 50 స్క్వేర్ ఎంఎం రాగిది, సన్న వైరు ఉంచితే ఫ్యూజ్ కంటే ముందు అదే కాలుద్ది.

మార్చేముందు ప్యానెళ్లు, ఇన్వర్టర్, బ్యాటరీ అన్నీ ఆఫ్ చేశాం. తిరిగి కలిపేటప్పుడు ఇన్వర్టర్ లోపల చార్జ్ దాచుకునే కెపాసిటర్ల వల్ల పెద్ద స్పార్క్ వస్తది, ముందు వాటిని కరెంటుని తగ్గించే ఒక రెసిస్టర్ గుండా కాసేపు చార్జ్ చేసి అప్పుడు బిగించండి.