చిమ్మటలను గుర్తుపట్టడం – మూడవ పాఠం: నాలుగు కిటికీల రోత్స్‌చైల్డియా

స్పర్శశృంగాలను చూసి ఆడ, మగ చిమ్మటలను వేరుచేయడం గత పాఠంలో నేర్చుకున్నాము. ఈ పాఠంలో దక్షిణ అమెరికాకు చెందిన ఒక పట్టు చిమ్మటను ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) స్థాయి వరకు గుర్తించడం అభ్యసిద్దాము. జంతుశాస్త్రవేత్త వాల్టర్ రోత్స్‌చైల్డ్ పేరు మీదుగా కీటక శాస్త్రవేత్త గ్రోట్ 1896లో ఈ ప్రజాతికి రోత్స్‌చైల్డియా అని పేరు పెట్టాడు. అయితే దీనిలోని హెస్పెరస్ అనే జాతిని లిన్నేయస్ 1758లోనే వర్ణించాడు. మన ఆముదపు ఆకులు తిని పెరిగే ఎరి పట్టుపురుగు దీనికి దగ్గరి చుట్టమే. దసలి పట్టుపురుగుది కూడా ఇదే కుటుంబం గాని, చుట్టరికం కాస్త దూరం.

రెక్కలు చాచినప్పుడు సుమారు 10 నుంచి 14 సెంటీమీటర్ల వెడల్పుండే ఈ ఇటుకరంగు లేదా గోధుమరంగు చిమ్మటకు నాలుగు రెక్కల మీదా ఒక్కొక్క పారదర్శకమైన మచ్చ ఉంటుంది. స్పానిష్ మాట్లాడేవారు వీటిని అద్దాలంటారు. నాకు మాత్రం కిటికీలనడమే సరిగా తోస్తుంది, ఎందుకంటే అవి ప్రతిబింబాన్ని చూపవు, అవతల ఉన్నదాన్ని చూపుతాయి. పరీక్ష కూడా దీని మీదే ఆధారపడుతుంది: చిమ్మట తెల్లగోడ మీద వాలితే మచ్చ తెల్లగా, చెట్టు బెరడు మీద వాలితే బెరడు రంగులో కనిపించాలి. కన్నుమచ్చ, అంటే కంటిలా కనిపించే రంగుమచ్చ అయితే వెనుక ఏమున్నా తన రంగు మార్చుకోదు. వెనుక రెక్కల మీద పెద్ద కన్నుమచ్చలుండే ఆటోమెరిస్ ఈ ఒక్క పరీక్షతోనే విడిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారు పొలుసులు రాలిన చోటును కూడా కిటికీగా పొరబడుతుంటారు. నిజమైన కిటికీకి చుట్టూ స్పష్టమైన అంచు ఉంటుంది, కుడి ఎడమలు ఒకదానికొకటి సరిపోతాయి.

జాతిని నిర్ణయించడం ఇంత తేలిక కాదు. కిటికీ ఆకారాన్ని, దాని కొన రెక్క మీది వెలుపలి గీతను తాకుతుందో లేదో, మీరు చూస్తున్న ఫొటో ఏ దేశంలో, ఏ నెలలో తీసినదో రాసుకోవాలి. అప్పటికీ తేలనప్పుడు, నిపుణులు కూడా మగ చిమ్మట జననాంగాలను పరిశీలించాకే చెబుతారు కనుక, ప్రజాతి పేరు రాసి ఆగిపోవడమే నిజాయితీ.

ఇక జీవితచక్రం. పెద్ద చిమ్మటకు పనిచేసే నోరు లేదు. గొంగళిగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే అది కొద్ది రోజులు బతుకుతుంది. రాత్రివేళ ఆడది విడిచే వాసనను మగది తన ఈకల వంటి స్పర్శశృంగాలతో పసిగట్టి వస్తుంది. గుడ్ల నుంచి వచ్చిన గొంగళి నాలుగైదుసార్లు కుబుసం విడిచి, చివరకు కొమ్మకు కాడతో వేలాడే పట్టుగూడు అల్లుకుంటుంది. ఆ గూడు పైకొసన పోగులను అతికించకుండా వదిలిన ద్వారం ఉంటుంది; చిమ్మట దాన్ని తోసుకుని బయటికి వస్తుంది గాని పోగులు కోయదు. ఎరి గూడు కూడా ఇలా నోరు తెరిచి ఉండేదే. అందుకే దాని నుంచి ఒకే దారంగా పోగు తీయలేక నూలులా వడుకుతారు. చలికాలమో ఎండకాలమో కఠినంగా ఉండే ప్రాంతాలలో ప్యూపా గూటిలోనే నెలల తరబడి ఆగుతుంది.

ఈ గొంగళికి కుట్టే ముళ్లు లేవు. అంతమాత్రాన దక్షిణ అమెరికాలో పేరు తెలియని గొంగళిని తాకవద్దు. దక్షిణ బ్రెజిల్‌లోని లోనోమియా ఆబ్లిక్వా ముళ్ల విషం రక్తం గడ్డకట్టనివ్వక ప్రాణాలు తీయగలదు. దానికి విరుగుడు సీరాన్ని సావో పాలోలోని బుటాంటన్ సంస్థ తయారుచేస్తోంది. నాలుగవ పాఠం దాని గురించే.

అభ్యాసం: రోత్స్‌చైల్డియా, ఆటోమెరిస్, అట్లాస్ చిమ్మటల ఫొటోలు ఒక్కొక్కటి పక్కపక్కన పెట్టుకుని కిటికీ పరీక్ష జరపండి. అట్లాస్‌కూ కిటికీలుంటాయి, కాబట్టి దాని రెక్క కొసను, అది ఆసియాదన్న సంగతిని కలిపి చూసి మీ నిర్ణయానికి కారణం రెండు వాక్యాలలో రాయండి.