రెండు మానిటర్ల మధ్య మౌస్ పాయింటర్‌ను దారిలో పెట్టడం ఎలా?

రెండో మానిటర్ తగిలించిన మొదటి రోజే చాలామందికి ఈ చిక్కు వస్తుంది. కొత్త మానిటర్ ఎడమవైపు ఉంటుంది, పాయింటర్ మాత్రం కుడి అంచు దాటితేనే అందులోకి వెళ్తుంది. ఇందులో మౌస్ తప్పేమీ లేదు. మీ టేబుల్ మీద ఏ తెర ఎక్కడుందో కంప్యూటర్‌కు కనపడదు కదా! దాని దగ్గర ఒక పటం ఉంటుంది, పాయింటర్ ఆ పటం ప్రకారమే నడుస్తుంది. కాబట్టి మనం సరిచేయాల్సింది ఆ పటాన్ని. ముందు విండోస్ సంగతి చూద్దాం.

1. విండోస్ కీ, పి కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి. 'డూప్లికేట్' ఉంటే రెండు తెరల మీదా ఒకే బొమ్మ కనిపిస్తుంది, పాయింటర్ దాటి వెళ్లడానికి వేరే చోటే ఉండదు.

2. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి 'డిస్‌ప్లే సెట్టింగ్స్' తెరవండి. పైన 1, 2 అని అంకెలున్న పెట్టెలు కనిపిస్తాయి. 'ఐడెంటిఫై' నొక్కితే ఏ తెరది ఏ అంకో ఆయా తెరల మీదే పడుతుంది. టేబుల్ మీద మానిటర్లు ఎలా ఉన్నాయో పెట్టెలను అలాగే లాగి పెట్టి 'అప్లై' నొక్కండి. మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్, డిస్‌ప్లేస్, అరేంజ్.

3. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు విసుగు ఇక్కడే మొదలవుతుంది: పాయింటర్ కొన్నిచోట్ల దాటుతుంది, కొన్నిచోట్ల గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. పెట్టె సైజు అంగుళాలను బట్టి కాదు, పిక్సెళ్లను, అంటే తెర మీది బొమ్మను కూర్చే చుక్కల సంఖ్యను బట్టి ఉంటుంది. 1920×1080 ల్యాప్‌టాప్ పక్కన 3840×2160 మానిటర్ పెడితే, పటంలో రెండోదాని ఎత్తు సరిగ్గా రెట్టింపు. అంటే పెద్ద తెర అంచులో సగం దూరం అవతల ఏమీ లేదు, గోడే. అందుకే పెట్టెలను పక్కపక్కన పెట్టడంతో సరిపోదు, పైకీ కిందకీ కూడా జరిపి చూడాలి. పాయింటర్‌ను అడ్డంగా తిన్నగా దాటించండి. రెండో తెరలో అనుకున్నదానికంటే కింద తేలితే, రెండో పెట్టెను కొంచెం కిందకు లాగండి. పైన తేలితే పైకి. పాయింటర్ ఎటు తప్పితే పెట్టెనూ అటే జరపాలన్నమాట. రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే కుదురుతుంది.

విండోస్ 11లో 'మల్టిపుల్ డిస్‌ప్లేస్' కింద 'ఈజ్ కర్సర్ మూవ్‌మెంట్ బిట్వీన్ డిస్‌ప్లేస్' అని ఒకటి ఉంది. దానికి టిక్ పెడితే గోడ ఉన్నచోట కూడా పాయింటర్ పక్కకు జారి అవతలకు వెళ్తుంది. కొందరికి దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఇబ్బంది: విండో మూసే గుర్తు కోసం మూలకు వెళ్తే పాయింటర్ పక్క తెరలోకి దూకేస్తుంది. వాళ్లు ఆ టిక్ తీసేసి, పెట్టెల మూలలు మాత్రమే తగిలేలా ఐమూలగా పెట్టుకోవచ్చు. అప్పుడు దాటే దారి ఆ ఒక్క మూలే.

4. పాయింటర్ ఎక్కడుందో కనపడకపోతే? మౌస్ సెట్టింగ్స్ నుంచి 'అడిషనల్ మౌస్ సెట్టింగ్స్' తెరిచి, 'పాయింటర్ ఆప్షన్స్'లో చివరి టిక్ పెట్టండి. ఇక కంట్రోల్ కీ నొక్కినప్పుడల్లా దాని చుట్టూ వలయాలు కనిపిస్తాయి. మ్యాక్‌లో మౌస్‌ను గబగబా అటూఇటూ ఊపితే చాలు, పాయింటర్ పెద్దదవుతుంది. మూడు నాలుగు తెరలున్నవాళ్లకు విండోస్ కోసం మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే సాఫ్ట్‌వేర్ నిజంగా పనికొస్తుంది. అందులోని 'మౌస్ జంప్' తెరలన్నిటి చిన్న బొమ్మ చూపిస్తుంది, ఎక్కడ క్లిక్ చేస్తే పాయింటర్ అక్కడికి ఎగిరిపోతుంది.

ఇవన్నీ చేసినా పాయింటర్ మాయమవుతుంటే కేబుల్ చూడండి. నేనొకసారి అరగంట వెతికాను. చివరికి చూస్తే అది ఆపేసి ఉన్న టీవీలో తిరుగుతోంది! తెర ఆపేసినా కేబుల్ తగిలి ఉంటే పటంలో దాని చోటు అలాగే ఉండిపోవచ్చు. విండోస్ కీ, పి నొక్కి 'పీసీ స్క్రీన్ ఓన్లీ' ఎంచుకుంటే వెనక్కి వస్తుంది. విండో అక్కడ చిక్కుకుంటే టాస్క్‌బార్‌లో దాన్ని ఎంచుకుని, విండోస్, షిఫ్ట్ కీలతో పాటు ఎడమ లేదా కుడి బాణం నొక్కండి.